నాలుగు మల్లెలకు ఒక కనకాంబరం

మా అక్క ఇంట్లో పూలు కట్టడానికి ఒక నియమం ఉండేది. నాలుగు మల్లెలు పెట్టి ఒక కనకాంబరం పెట్టకూడదు. మూడుకొకటి పెట్టవచ్చు, ఆరుకొకటి పెట్టవచ్చు, ఉత్త మల్లెలే కట్టవచ్చు. నాలుగుకొకటి మాత్రం పనికిరాదు. కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాది అక్క ఒకసారి అలా కట్టి జడలో తురుముకుంటే, మా బావ అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడట. ఎందుకని అడిగితే చెప్పలేదు. తిరుత్తణిలో ఉన్న మా అమ్మ దానికి దిష్టి అనీ, గ్రహమనీ, గాలి అనీ మూడు పేర్లు పెట్టి కొండమీది స్వామికి కావడి మొక్కింది. అక్క కావడి మోసి వచ్చింది. నియమం మాత్రం అలాగే ఉండిపోయింది.

పూలు పండించి, పూలు కట్టి, పూలు అమ్మి బతికే ఇల్లు అది. తిరుత్తణికీ తిరువళ్లూరుకూ మధ్య రైలుకట్ట పక్కన వాళ్ల చేను. సగం మల్లె, సగం కనకాంబరం. అలాంటి ఇంట్లో పూల లెక్కకు భయపడే మగమనిషి ఉండటం నాకు మహా నవ్వుగా ఉండేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఎనభైల నడుమ మాట ఇది. నాకు ఇరవై రెండేళ్లు. తిరువళ్లూరు స్టేషను దగ్గర ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మేడమీద గదిలో కంప్యూటరు క్లాసు పెట్టి, మూడు నెలల కోర్సు చేసి వచ్చిన నన్ను టీచరును చేశారు. విద్యార్థుల కంటే రెండు పాఠాలు ముందుండేదాన్ని, అంతే. అక్క ఇంట్లో ఉంటూ రైల్లో వెళ్లి వచ్చేదాన్ని. బావ తెల్లవారే బండిలో పూలబుట్టలతో తిరువళ్లూరు మార్కెట్టుకు వెళ్లేవాడు.

బావ మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. డెబ్బై ఒకటి యుద్ధంలో ఉన్నాడు. అది ముగిసిన రెండేళ్లకు మా అక్కను చేసుకున్నాడు. మరదలిని కాబట్టి నా నోటికి అడ్డూ ఆపూ లేదు. "మిలిటరీలో ఏం పొడిచినావు బావా?" అని అడిగేదాన్ని. ఆయన ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు.

"పూలు కట్టినా పాపా. ఆడ గూడా పూలే కట్టినా."

ఇంట్లో అందరం నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవాడు.

మా కంప్యూటరు గది గురించి చెప్పాలి. చెప్పులు బయట విడిచి రావాలి. ఆయుధపూజకు పెట్టిన కుంకుమబొట్టు టీవీ నుదుటిమీద ఏడాది పొడవునా ఉండేది. కంప్యూటరు అంటే పలక అంత ఉంటుంది, దానికి రబ్బరు మీటలు. దాన్ని నలుపు తెలుపు టీవీకి తగిలిస్తే అక్షరాలు వచ్చేవి. కరెంటు పోతే దాని బుర్రలో ఉన్నదంతా పోయినట్టే. మనం రాసినది మిగలాలంటే టేప్‌రికార్డరులో పాట పట్టినట్టు క్యాసెట్టులో పట్టి ఉంచుకోవాలి. ఆ యంత్రంతో పాటు ఒక ఆటల క్యాసెట్టు వచ్చింది. అందులో ఒక యుద్ధవిమానం ఆట. విమానం నడిపేవాడి సీటులోంచి చూస్తున్నట్టు తెర. ఎదుటి విమానాన్ని కాలిస్తే చిన్న చిన్న తెల్లచుక్కలు పోయేవి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇన్‌స్టిట్యూట్‌కు సెలవు. తాళంచెవి నా దగ్గరే ఉండేది కాబట్టి సోమవారం పాఠం నేర్చుకోవడానికి వెళ్లాను. మధ్యలో కాసేపు ఆట పెట్టుకున్నాను. బావ ఖాళీ బుట్టలతో వచ్చి, చెప్పులు విడిచి, గోడవారగా కూర్చున్నాడు. రైలుకు ఇంకా గంట టైముంది.

"ఏంది పాపా అది, తెరమీద బొరుగులు చల్లినట్టుండాది?"

"బొరుగులు కాదు బావా, తూటాలు."

"తూటాలు అట్ల పోవు."

"నీకెట్ల తెలుసు? నువ్వు పూలు కట్టిన మిలిటరీవాడివి గదా!"

ఈసారి ఆయన నవ్వలేదు. లేచి తెర దగ్గరకు వచ్చి, కళ్లు చికిలించి చూశాడు. "కనపడే తూటాను ట్రేసర్ అంటారు," అన్నాడు. దాని వెనుక భాగంలో మందు మండుతూ పోతుందట. తాను కొట్టేది ఎటు పోతోందో కొట్టేవాడికి తెలియడానికి. "అది చుక్క కాదు పాపా. గీత. ఈ ఆట రాసినోడు ఎన్నడూ చూళ్లే."

నాకు రోషం వచ్చింది. ఆట రాసినవాడు నా చుట్టమేమీ కాదు, అయినా నా యంత్రాన్ని అన్నట్టే అనిపించింది. ఈ డబ్బాలో ఇంతకంటే బాగా రాదని వాదించాను. "ఆడలేక మద్దెల ఓడు అనిందంట," అన్నాడు బావ. ఆ మాట పట్టుకుని నేను సొంతంగా ఒక ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాను. అది మొదలుపెట్టకుండా ఉండాల్సింది. చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం నేను.

వారం తర్వాత చూపించాను. నేలమీద ఒక తుపాకి, ఆకాశంలో ఒక విమానం, నడుమ నా చుక్కలు. బావ తల అడ్డంగా ఊపాడు. ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పడం చేతకాలేదు. చివరకు, "మావళి తిప్పేటప్పుడు చూళ్లేదా నువ్వు?" అన్నాడు.

మా వైపు కార్తీకదీపం నాడు మావళి తిప్పుతారు. పోతుతాటి పూతను కాల్చి, బొగ్గుపొడి చేసి, గుడ్డలో మూటకట్టి, తాటిమట్ట చీలికల నడుమ బిగించి, నిప్పు రాజేసి, తాడు కట్టి తల చుట్టూ తిప్పుతారు. నిప్పు ఉండేది ఒక్కచోటే. కంటికి మాత్రం అది చక్రంలా నిండుగా కనిపిస్తుంది. కన్ను నిదానం, నిప్పు వేగం. అంతే కిటుకు. నా తెరమీద కూడా చుక్క ఇప్పుడున్న చోటికీ ఇంతకు ముందున్న చోటికీ నడుమ గీత గీసి, వెనుక నుంచి చెరుపుకుంటూ రావాలి. ఆ రోజే మార్చాను. తెరమీద మొదటిసారి గీతలు లేచాయి. బావ "ఆ" అన్నాడు. వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. ముఖం చూస్తే మెచ్చుకున్నట్టు లేదు. నేను మెచ్చుకోలనే అనుకున్నాను.

తర్వాతి ఆదివారాలన్నీ అలా గడిచాయి. మార్కెట్టు పని ముగించుకుని ఆయన వచ్చేవాడు. నేను రాసేది గళ్ల నోటుబుక్కులో రాసి, తర్వాత మీటలు నొక్కేదాన్ని. ఆ పుస్తకం ఆయన బుట్టలో వేసుకుని రైల్లో చదివేవాడు. మిలిటరీలో నేర్చిన ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు బాగానే వచ్చు. "ఈ మాటకి అర్థమేంది?" అని ఒక్కొక్కటీ అడిగేవాడు. ఫలానా లైనుకు పో, ఇది ఇంత అయితే అది చెయ్, ఇక్కడ ఆగు. అన్నీ ఆజ్ఞలే కాబట్టి మిలిటరీ మనిషికి తొందరగా పట్టుబడ్డాయి. పుస్తకం పూలవాసన వేసేది.

తుపాకి వెనుక కూర్చున్నవాడికి గీత నేరుగా కనిపించదని చెప్పాడు. మొదట దూసుకుపోతుంది, పోను పోను నెమ్మదించి వంగినట్టు ఉంటుంది. విమానం మీదే పడిందనుకుంటాం, నిజానికి దాని తోక వెనుక ఎక్కడో పోయి ఉంటుంది. విమానం ఉన్నచోట కాదు, ఉండబోయే చోట కొట్టాలి. ఇవన్నీ నేను రాశాను. ఒక్కొక్కటీ సరిగ్గా వచ్చేకొద్దీ ఆయన తక్కువ మాట్లాడేవాడు. ఇంట్లో అక్క, "మీరిద్దరూ ఆడ ఏం చేస్తా ఉండారే? ఆయన సరిగా తినేదే లేదు," అంది. ఆట అని చెప్పాను.

నాలుగో వారమో ఐదో వారమో ఆయన నా భుజం మీదుగా చూస్తూ, "ఇన్ని కనపడకూడదు పాపా," అన్నాడు.

"మరి ఎన్ని?"

"ఐదింట్లో ఒకటి. నాలుగు మామూలువి, ఒకటి ఎర్రది. ఎర్రదాని మొనకి రంగు పూసుంటాది. తుపాకికి అందించే తూటాల బెల్టులో వరసగా అట్లే గుచ్చతారు. నాలుగు, ఒకటి. నాలుగు, ఒకటి."

చెబుతూ ఉంటే ఆయన వేళ్లు బల్లమీద కదులుతున్నాయి. అక్క పూలు కట్టేటప్పుడు ఆమె వేళ్లు కదిలినట్టే. నాలుగుసార్లు బొటనవేలితో నెట్టి, ఐదోసారి కాస్త ఆగి నెట్టేవాడు.

నా చేతులు మీటలమీద అలాగే ఉండిపోయాయి. ఆడ గూడా పూలే కట్టినా. పదేళ్లకు పైగా మేము నవ్విన మాట. అక్క మోసిన కావడి, అమ్మ పెట్టిన మూడు పేర్లు, అన్నం ముందు నుంచి లేచిన మనిషి, అన్నీ ఒక్కసారి కళ్లముందుకు వచ్చాయి. ఆయన జడలో చూసింది పూలను కాదు. నాకు ఏడుపు వచ్చింది, భయం కూడా వేసింది. అక్కడే మీట తిప్పి యంత్రాన్ని ఆపేసి, "పోదాం రా బావా, రైలొస్తాది," అని ఉండాల్సింది. అనలేదు. ఐదుకొకటి కనిపించేలా మార్చాను. మారిస్తే తెర ఎంత నిజంగా ఉందంటే, నాకే గర్వం కలిగింది. ఆ గర్వం ముందు ఆయన ముఖం నాకు కనిపించలేదు.

తర్వాతి ఆదివారం ఆయన వస్తూనే అడిగాడు.

"నన్ను పైన కూర్చోబెట్టు పాపా."

"పైన అంటే?"

"విమానంలో. కింద్నుంచి కొడతా ఉంటే, వానికెట్ల కనపడతాదో చూడాల."

అది ఆయనకు తెలియదు. ఆయన ఎప్పుడూ కిందే ఉన్నాడు. నేనే గళ్ల కాగితం మీద లెక్క వేసుకున్నాను. రెండు రాత్రులు కిరసనాయిలు దీపం పొగ పీల్చి తేల్చింది ఇదీ: మన పక్కగా పోయే నిప్పు విమానం ముందు అద్దంలో అడ్డంగా జరుగుతుంది. నేరుగా మనమీదికే వచ్చే నిప్పు ఎటూ జరగదు. ఉన్నచోటే ఉండి పెద్దదవుతుంది, అంతే. ఎక్కడో కదలకుండా వెలిగే దీపంలా ఉంటుంది. కదిలేదాన్ని చూసి బెదురుతాం, కదలనిది మనల్ని చంపుతుంది. అది బావకు చెప్పాను.

"తుపాకులు రెండు పెట్టు," అన్నాడు తర్వాత. "ఒకటి కుడిపక్క, ఒకటి ఎడంపక్క. కుడిదానికి ఐదుకొకటి ఎర్రది."

"ఎడందానికి?"

"దానికి ఎర్రవి వద్దు."

"అట్లయితే అసలు కనపడదు గదా బావా."

"కనపడొద్దు."

కుడి తుపాకికి ఐదు అంకె వేశాను, ఎడమదానికి సున్నా. తగిలితే తెర అంచు తెల్లగా కొట్టుకుని ఒక కూత వస్తుంది. తగలకుండా తుపాకులను దాటిపోతే అక్కడితో ఆట ఆగిపోతుంది. అలా రాసి, క్యాసెట్టులో పట్టి పెట్టుకుని, ఆయన్ని మీటల ముందు కూర్చోబెట్టాను.

విమానం ముందుకు వెళ్లింది. కుడి నుంచి గీతలు లేచాయి. బావ ఎడమకు తిప్పాడు. అక్కడ చీకటి. కూత వచ్చింది, తెర కొట్టుకుంది.

మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ కుడి నుంచి గీతలు, మళ్లీ ఎడమకు, మళ్లీ కూత. అలా ఎన్నిసార్లో. "కుడివైపే పో బావా, గీతల నడుమ సందుండాదే," అన్నాను ఒకసారి. "వాడు పోలేదు," అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు, మేము ఆడుతున్నది ఆట కాదని. "వాడెవరు?" అన్నాను. కూత మధ్యలో నా గొంతు నాకే వినిపించలేదు. యంత్రం ఆపలేదు ఆయన. తెరవైపే చూస్తూ చెప్పాడు.

"మా పోస్టు ఒక బ్రిడ్జి కాడ. రెండు తుపాకులు. నడాన ఒక చెరకుతోట దూరం. ముందు దినం వేరే పోస్టు మీదికి విమానం వచ్చి కొట్టిపోయింది. వాళ్ల ఎర్రవి చూసే వాళ్లని కనుక్కునిందని అందరూ అనుకున్న్యారు. నాకు భయమైంది పాపా. మా బెల్టు కట్టేది నేనే. ఎర్రవన్నీ ఏరి పక్కన పెట్టి ఉత్త మామూలువే కట్టినా. బెల్టు అందించేవాడు నన్ను చూసినాడు. వానికీ భయమే. ఏమీ అన్లేదు.

"దీపాలు పెట్టే పొద్దులో వచ్చింది విమానం. మనూర్లో కార్తీకదీపం అయిన వారంలోనే. పక్క తుపాకి ఎర్రగా పైకి కొట్టింది. వాడు అది చూసినాడు. చూసి ఇట్ల మళ్లినాడు. మా దిక్కు ఏమీ అగపడలే గదా, ఏమీ లేదనుకున్న్యాడు. నేను వాణ్ణి చూసి కొట్టలే. భయానికి ఏలు తీకుండా సుమ్మా, ఊరికే పైకి కొడతా ఉండా. నేను వాణ్ణి కొట్టలే పాపా. వాడే వచ్చినాడు."

పడిన విమానాన్ని చూడటానికి మరునాడు అందరూ పోయారట. పొలంలో ఉంది. నడిపిన మనిషి చిన్నవాడు. మెడ ఒక పక్కకు తిరిగి ఉందట. బావ తుపాకి ఉన్న వైపు కాదు, పక్క తుపాకి వైపు. ఎర్రగా కనిపించిన వైపే చివరిదాకా చూస్తూ ఉన్నాడని బావ నమ్మకం. మెచ్చుకోలు పక్క తుపాకి వాళ్లకు దక్కింది. వాళ్లకు మిఠాయి పెడుతూ బావ చేతిలో కూడా ఒకటి పెట్టారు. తిన్నాడు.

"వాడు శత్రువు గదా బావా," అన్నాను. "బ్రిడ్జి మీద బాంబేసేకే వచ్చినాడు గదా."

"అవును. అందుకే ఇంతవరకు ఎవరికీ చెప్పలే. చెప్తే నువ్వన్నట్టే అంటారు."

నేను తల వంచుకున్నాను. గెలిచిన యుద్ధం గురించి ఏడవడానికి మనిషికి చోటుండదని ఆ రోజు తెలిసింది. చచ్చిపోయినవాడు శత్రువైతే మరీ ఉండదు. ఆయనకు కావలసింది తప్పు లేదనే మాట కాదు. అవతలివాడికి ఏం కనిపించిందో తెలియాలి. పదిహేనేళ్లుగా అదొక్కటే ఆయన్ను తింటోంది. నా యంత్రం ఆ జవాబు కళ్లకు కట్టింది: ఏమీ కనిపించలేదు, నల్లటి తెర తప్ప. పుండుమీద కారం చల్లడం అంటే ఇదే. నాకు ఆ క్షణంలో ఆ పెట్టెను మేడమీద నుంచి కిందికి విసిరేయాలనిపించింది.

తర్వాతి వారం ఆదివారంనాడే కార్తీకదీపం వచ్చింది. ఆయన రాడనుకున్నాను. వచ్చాడు. క్యాసెట్టు పెట్టి ప్రోగ్రాం ఎక్కించాను. "ఎడందానికి ఎర్రవి పెట్టు పాపా," అన్నాడు.

మార్చాల్సింది ఒకే అంకె. సున్నా తీసి ఐదు వేశాను.

విమానం ముందుకు వెళ్లింది. కుడి నుంచి గీతలు లేచాయి. ఎడమ నుంచీ లేచాయి. నలుపు తెలుపు టీవీ కాబట్టి ఎరుపు లేదు, అన్నీ తెల్లగానే ఉన్నాయి. బావ ఎడమకు తిప్పబోయి ఆగాడు. రెండు వరసల నడుమ సందు చూసుకుని పైకి లేపాడు. గీతలు ఆ పక్కా ఈ పక్కా జరిగిపోయాయి. ఒక్కటీ కదలకుండా నిలబడలేదు. కూత రాలేదు. తుపాకులను దాటాక అంతా ఆగిపోయింది, నిశ్శబ్దం.

బావ మీటలమీద నుంచి చేతులు తీయలేదు. రెప్ప వేయకుండా అడిగాడు.

"ఇప్పుడు వాడు యాడికి పోతాడు?"

"ఇంటికి పోతాడు బావా."

"ఇంటికేనా?"

"ఇంకేడికి? ఇంటికే."

తల ఊపాడు. అప్పుడే కరెంటు పోయింది. టీవీ నడుమ ఒక చుక్క మిగిలి, అదీ ఆరిపోయింది. ఐదు అంకె వేసిన ప్రోగ్రామును నేను క్యాసెట్టులో పట్టలేదు. క్యాసెట్టులో ఉన్నది సున్నా ఉన్నదే. "కరెంటు వస్తే రెండు నిమిషాల్లో మళ్లీ మారస్తా బావా," అన్నాను.

"వద్దులే. ఒక తూరి పోయినాడు గదా. చాలు."

సాయంత్రం బండిలో వచ్చాము. కట్ట పక్క ఊళ్లన్నింటా ఇళ్లముందు దీపాలు. పొలాల్లో మావళి తిప్పుతున్నారు, నిప్పుచక్రాలు. బావ కిటికీ వైపు కూర్చోకుండా నన్ను కూర్చోమన్నాడు. బోగీ నడుమ, జనం కాళ్లు చూస్తూ వచ్చాడు.

ఇంట్లో అక్క గడపలో దీపాలు పెట్టి, నడవలో పూలు కడుతోంది. బావ కాళ్లు కడుక్కుని వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. మల్లెబుట్టలోంచి ఒక్కొక్కటీ తీసి ఆమె చేతికి అందించాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తర్వాత చెయ్యి కనకాంబరాల బుట్టలోకి వెళ్లింది. వెళ్లి అక్కడే ఉండిపోయింది. అక్క నన్ను చూసింది. ఆ పూల సంగతి ఆమెకు నేను చెప్పలేదు, చెప్పే ధైర్యం నాకు లేదు. అక్క దారం పట్టుకుని, ఎంతసేపైనా పరవాలేదన్నట్టు ఎదురుచూసింది. చివరకు ఆ చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది. అక్క నాలుగు మల్లెలూ కట్టి, ఐదోది కూడా మల్లెనే కట్టింది.

ఆ తర్వాత ఆదివారాల్లో ఆయన ఇన్‌స్టిట్యూట్‌కు రాలేదు. నేనూ ఆ ప్రోగ్రామును ఎక్కించలేదు. మిలిటరీలో ఏం చేశావని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, నేను అడగనివ్వలేదు. ఎవరైనా చుట్టాలు ఆ మాట ఎత్తితే, నేను గట్టిగా వేరే మాట మొదలుపెట్టేదాన్ని.

ఆయన పోయిన తర్వాత ఇల్లు సర్దుతుంటే పూలబుట్టల అడుగున నా గళ్ల నోటుబుక్కు దొరికింది. చెమ్మకు అక్షరాలు అలుక్కుపోయాయి, కాగితం మధ్య కనకాంబరాలు ఎండి అంటుకుని ఉన్నాయి. పుటలు తిప్పి చూశాను. విమానం తుపాకులను దాటిన చోట ఏం జరగాలో నేను ఒకే మాట రాశాను, ఇంగ్లీషులో: స్టాప్. అక్కడ ఆకాశం లేదు, ఇల్లు లేదు, ఇంక ఏమీ లేదు. ఆ మాట కింద పెన్సిలుతో గట్టిగా ఒక గీత ఉంది. నాది కాదు, నేను పెన్సిలు వాడేదాన్ని కాదు. ఆ పుస్తకం కార్తీకదీపానికి ముందు వారమంతా ఆయన బుట్టలోనే ఉంది, రోజూ రైల్లో చదివాడు. అంటే, వాడు యాడికి పోతాడని నన్ను అడిగేటప్పటికే ఆయనకు తెలుసు.